అణగారినవాళ్లమా, అణచబడినవాళ్లమా?
‘డిప్రెస్డ్’ అనే మాట చరిత్ర

ఊళ్లోవాళ్లు మన తాతల్ని ఏమని పిలిచారు, సర్కారు కాగితాల్లో మనల్ని ఏమని రాశారు, మనల్ని మనం ఏమని చెప్పుకున్నాం – ఈ మూడూ మూడు వేరు వేరు చరిత్రలు. మొదటిది అవమానాల చరిత్ర. రెండోది లెక్కల చరిత్ర. మూడోది పోరాట చరిత్ర. మన పాఠ్యపుస్తకాలు ఈ మూడింటినీ కలగాపులగం చేసి, ఎవరో దయతలచి మనకొక మంచి పేరు పెట్టినట్టు చెప్పుకొచ్చాయి. ఈ వ్యాసంలో ఒకే ఒక్క ఇంగ్లీషు విశేషణాన్ని పట్టుకుని ఆ మూడు చరిత్రల్నీ విడదీసి చూడాలని మా ప్రయత్నం. ఆ మాట ‘డిప్రెస్డ్’.

ఇవాళ ఈ మాట అందరి నోట్లోనూ నలుగుతోంది. పరీక్ష పోయినా డిప్రెస్డే, ఉద్యోగం రాకున్నా డిప్రెస్డే. కానీ ఇరవయ్యో శతాబ్దం మొదటి మూడు దశాబ్దాల్లో ఇది కోట్లమందికి సర్కారు పెట్టిన పేరు: ‘డిప్రెస్డ్ క్లాసెస్’. పూనా ఒప్పందం ఈ పేరు మీదే జరిగింది. రౌండ్ టేబుల్ సమావేశానికి అంబేద్కర్ ఈ పేరుతోనే వెళ్లారు. మన రాజకీయ హక్కులు మొదట ఈ పేరు మీదే రాయబడ్డాయి. అందుకే దీన్ని వదిలేయడానికి లేదు.

1. మాటలో దాగినవాడు

ఈ మాట లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. కిందికి, నొక్కు అనే రెండు ముక్కల కలయిక. అంటే కిందికి నొక్కబడిన అని అర్థం. నొక్కబడినవాడున్నాడంటే నొక్కినవాడొకడు ఉండాలి గదా! వ్యాకరణం ప్రకారం ఇది క్రియలోంచి పుట్టిన విశేషణం. క్రియకు కర్త ఉంటాడు. కానీ వాడుకలో పడి అరిగిపోయాక కర్త జారిపోతాడు. మిగిలేది గుణం ఒక్కటే. పొడుగు మనిషి, నల్ల మనిషి అన్నట్టుగా ‘డిప్రెస్డ్’ మనిషి. ఎవరో చేసిన పని వీడి పుట్టుకతో వచ్చిన లక్షణమై కూర్చుంటుంది.

ఇంగ్లీషులో దీనికి చుట్టాలున్న మాటలు ఇంకా ఉన్నాయి. ‘అప్రెస్డ్’ అంటే పీడించబడిన. ‘సప్రెస్డ్’ అంటే అణచిపెట్టబడిన. ఈ రెండూ వినగానే ఎవడు పీడించాడు, ఎవడు అణచాడు అనే ప్రశ్న పుడుతుంది. ‘డిప్రెస్డ్’ వింటే ఆ ప్రశ్న అంత తొందరగా పుట్టదు. పల్లపు నేలను డిప్రెస్డ్ అంటారు, పడిపోయిన వ్యాపారాన్ని అంటారు, దిగులుపడ్డ మనసును అంటారు. వాటికి దోషి ఉండడు. సర్కారుకూ సంస్కర్తలకూ ఈ మాటే ఎందుకు నచ్చిందో ఇక్కడే అర్థమవుతుంది.

దీన్ని గుర్తించినవాళ్లు ఆ రోజుల్లోనే లేకపోలేదు. 1920లో గాంధీ తన ‘యంగ్ ఇండియా’ పత్రికలో పంచముల గురించి రాస్తూ, వివేకానందుడు వాళ్లను ‘సప్రెస్డ్’ అనేవాడనీ, ఆ విశేషణమే సరైందనీ ఒప్పుకున్నాడు. అంటే దోషి ఉన్నాడని తెలుసు. అలా తెలిసిన మనిషి పన్నెండేళ్ల తర్వాత ‘హరిజన’ అనే పేరు ఎత్తుకున్నాడు. ‘సప్రెస్డ్’లో అణచినవాడున్నాడు. ‘హరిజన’లో హరి ఒక్కడే ఉన్నాడు. అణచినవాడు ఎటుపోయాడు? పేరు మారినప్పుడల్లా మనం అడగాల్సిన ప్రశ్న ఇదే.

2. ఉద్ధరించేవాళ్ల మాట

ఈ మాట మొదట మిషనరీల, సంస్కర్తల, అధికారుల రాతల్లో నిలదొక్కుకుంది. 1906లో విఠల్ రాంజీ షిండే బొంబాయిలో డిప్రెస్డ్ క్లాసెస్ మిషన్ స్థాపించాడు. షిండే నిజాయితీని మేం శంకించడం లేదు. కానీ ఈ పేరుతో వచ్చిన సాహిత్యంలో ఎక్కువ భాగం ‘ఉద్ధరణ’ సాహిత్యం. పడిపోయినవాణ్ణి లేపాలి అంటారు గానీ పడదోసినవాణ్ణి ఆపాలి అనరు.

దీనికి మంచి ఉదాహరణ అనీ బిసెంట్. 1909లో డిప్రెస్డ్ క్లాసెస్ ఉద్ధరణ గురించి ఆమె ఒక వ్యాసం రాసింది. ఈ పిల్లల్ని మిగతా పిల్లలతో కలిపి కూర్చోబెట్టకూడదనీ, ముందు శుభ్రత నేర్పాలనీ, తరతరాల తిండి వల్ల వాళ్ల ఒళ్లే వేరుగా తయారైందనీ ఆమె వాదన. అంబేద్కర్ తర్వాత ఈ రాతను బయటికి తీసి ఎండగట్టారు. చూడండి, విశేషణం ఎంత దూరం పోయిందో! సమాజం చేసిన నేరం పిల్లవాడి ఒంటి వాసన అయిపోయింది. అంటరానితనానికి పరిష్కారం సబ్బుబిళ్ల అయిపోయింది. బావి దగ్గరికి రానివ్వకుండా, స్నానం చెయ్యలేదని తిట్టడం ఎట్లాంటి న్యాయమో ఆ వ్యాసాన్ని మెచ్చుకున్నవాళ్లే చెప్పాలి.

సర్కారు సంగతి ఇంకో రకం. 1916లో మానెక్‌జీ దాదాభాయ్ కేంద్ర శాసన మండలిలో డిప్రెస్డ్ క్లాసెస్ స్థితిగతుల మీద తీర్మానం పెట్టాడు. అప్పటినుంచి ‘అసలు ఎవరు వీళ్లు?’ అని ప్రభుత్వం వెతకడం మొదలుపెట్టింది. మొదట్లో అంటరాని కులాలనూ, కొండజాతులనూ, నేరస్థ జాతులని ముద్రవేసిన సంచార జాతులనూ కూడా ఈ ఒక్క మాట కిందే తోశారు. ఎవరు ఎందుకు కిందపడ్డారు అనే తేడా వాళ్లకు అక్కర్లేకపోయింది. మద్రాసు రాష్ట్రంలో 1920ల్లో డిప్రెస్డ్ క్లాసెస్ వ్యవహారాలు లేబర్ కమిషనర్ కింద పెట్టారు. మన ఆంధ్ర జిల్లాల్లో లేబర్ స్కూళ్లు అన్న పేరు అట్లా వచ్చిందే. మాలమాదిగ పిల్లల చదువు విద్యాశాఖ కిందకు కాక కూలీల శాఖ కిందకు పోయింది. మనల్ని సర్కారు ఏ కంటితో చూసిందో ఈ ఒక్క విషయం చాలు.

3. మనవాళ్లు పెట్టుకున్న పేర్లు

ఇదంతా జరుగుతుంటే మనవాళ్లు నోరు మూసుకుని కూర్చోలేదు. 1893లో మద్రాసులో రెట్టమలై శ్రీనివాసన్ ‘పరయన్’ అనే పేరుతో పత్రిక పెట్టాడు. తిట్టునే పత్రిక నెత్తిన అచ్చేశాడు. దాచుకోవాల్సింది మేం కాదు, ఆ మాటను తిట్టుగా వాడిన మీరు అని దాని అర్థం. ఆయనే తర్వాత అంబేద్కర్‌తో పాటు రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లాడు.

ఇంకో దారి తెలుగు నేల మీద తెరుచుకుంది. 1917 నవంబర్‌లో బెజవాడలో రాష్ట్ర పంచమ మహాసభ జరిగింది. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చి అధ్యక్షత వహించాడు. పంచములు గుడిలోకి వస్తారేమోనని భయపడి కనకదుర్గ గుడిని మూసేశారు. ఆ సభలోనే భాగ్యరెడ్డి వర్మ సభ పేరునే ప్రశ్నించాడు. పంచమ అనే మాటకు పురాణాల్లో కూడా ఆధారం లేదు, మేం ఈ నేలకు మొదటివాళ్లం, మేం ఆది ఆంధ్రులం అన్నాడు. పంచమ సభగా మొదలైంది ఆది ఆంధ్ర సభగా ముగిసింది.

ఈ మార్పు ఎంత పెద్దదో గమనించాలి. పంచమ అంటే నాలుగు వర్ణాల తర్వాత ఐదోవాడు. అంటే వాళ్ల లెక్కలో తోకన మనం. డిప్రెస్డ్ అంటే కింద ఉన్నవాడు. అంటే వాళ్ల మెట్లలో అడుగున మనం. ఈ రెండు పేర్లకూ కొలబద్ద అగ్రకులమే. ‘ఆది’ అన్నమాట ఆ కొలబద్దనే పక్కన పడేసింది. ఎంత కిందున్నాం అని కాదు, ఎప్పటినుంచి ఉన్నాం అని అడిగింది. మొదటివాళ్లమని చెప్పుకోవడం చరిత్రగా ఎంతవరకు నిలబడుతుందని కొందరు పండితులు వాదిస్తారు. వాదించనివ్వండి. మాకు ముఖ్యమైంది ఏమంటే, మొదటిసారి పేరు పెట్టే అధికారం మన చేతికొచ్చింది.

1922లో మద్రాసు శాసనమండలిలో ఎం.సి. రాజా పెట్టిన తీర్మానంతో పరయ, పంచమ అనే మాటలు తీసేసి తమిళంలో ఆది ద్రావిడ, తెలుగులో ఆది ఆంధ్ర అని రాయాలని ప్రభుత్వం ఒప్పుకుంది. నిజాం రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ, అరిగె రామస్వామి లాంటివాళ్లు ఆది హిందూ ఉద్యమం నడిపారు. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాదు రాజ్యంలో ఆది హిందూ అనే పేరు ఎక్కింది. ఒకవైపు ఢిల్లీ, లండన్ కాగితాల్లో ‘డిప్రెస్డ్’ అని నడుస్తుంటే మరోవైపు మన పేటల్లో ‘ఆది’ అని నడిచింది. మన చరిత్రకారులు మొదటిదాన్ని రాసినంతగా రెండోదాన్ని రాయలేదు.

4. పేరు లెక్కగా మారినప్పుడు

1909 సంస్కరణలకు ముందు, ముస్లిం నాయకులు ఒక ప్రశ్న లేవనెత్తారు. అంటరానివాళ్లను హిందువుల్లో కలిపి లెక్కెయ్యడం ఏం న్యాయమని? దాంతో 1911 జనాభా లెక్కల్లో కమిషనర్ పది పరీక్షలు పెట్టాడు. బ్రాహ్మణుల ఆధిక్యాన్ని ఒప్పుకోనివాళ్లు, బ్రాహ్మణ గురువు నుంచి మంత్రం పొందనివాళ్లు, గుడి లోపలికి రానివ్వబడనివాళ్లు, తాకితే మైల అంటించేవాళ్లు, శవాల్ని పూడ్చేవాళ్లు, గొడ్డుమాంసం తినేవాళ్లు – ఇట్లా. ఒకే పట్టికలో మా ఇష్టంతో మేం తినే తిండీ ఉంది, వాళ్ల బలంతో వాళ్లు మూసిన గుడీ ఉంది. ఆచారాన్నీ అణచివేతనీ ఒకే గాటన కట్టారు.

అయినా ఆ లెక్కలకు విలువ ఉంది. సీట్ల ప్రశ్న వచ్చేదాకా ఎవరూ ఆ అంకెల్ని పెద్దగా కాదనలేదు. 1932లో లోథియన్ కమిటీ ఓటుహక్కు గురించి విచారించడానికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. ఎంత జనాభా ఉంటే అన్ని సీట్లు ఇవ్వాల్సి వస్తుందని తెలిసింది. ఇక మా రాష్ట్రంలో అంటరానివాళ్లే లేరు, ఉన్నా కొద్దిమందే అనే సాక్ష్యాలు మొదలయ్యాయి. అంబేద్కర్ ఈ అంకెల్ని పక్కపక్కన పేర్చి చూపించారు. సంయుక్త రాష్ట్రాల్లో, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో, జనాభా లెక్కల ప్రకారం 1 కోటీ 26 లక్షలు. అక్కడి రాష్ట్ర కమిటీ చెప్పింది 6 లక్షలు! కోటీ ఇరవై లక్షలమంది ఒక్క సాక్ష్యంతో మాయమైపోయారు.

తాకితే మైలపడే రోజున కోటిమంది కనిపించారు. కుర్చీ అడిగే రోజున లక్షల్లోకి తగ్గిపోయారు. విశేషణానికి స్పష్టమైన అర్థం లేకపోవడం ఇక్కడ అగ్రకులాలకు అక్కరకొచ్చింది. డిప్రెస్డ్ అంటే పేదవాడా, చదువులేనివాడా, అంటరానివాడా? ఎట్లా కావాలంటే అట్లా సాగదియ్యొచ్చు, ఎట్లా కావాలంటే అట్లా కుదించొచ్చు. అందుకే అంబేద్కర్ ఒకే గీటురాయి పట్టుకున్నారు – అంటరానితనం. పేదరికం కాదు, మురికి కాదు, తిండి కాదు. మరొకడు వీడిపట్ల ఏం చేస్తున్నాడు అన్నదే కొలత. అంటే జారిపోయిన కర్తను ఆయన మళ్లీ వాక్యంలోకి లాక్కొచ్చారు.

5. అంబేద్కర్ అభ్యంతరం, పట్టికలో చేరిక

డిప్రెస్డ్ క్లాసెస్ ప్రతినిధిగా వెళ్లిన అంబేద్కరే ఆ పేరును కాదన్నారని చాలామందికి తెలియదు. 1931 నవంబర్‌లో ఆయనా శ్రీనివాసనూ రౌండ్ టేబుల్ సమావేశానికి ఇచ్చిన అనుబంధ పత్రంలో పేరు మార్చాలని ఒక డిమాండు పెట్టారు. దాని బదులు కులరహిత హిందువులు, ప్రొటెస్టెంట్ హిందువులు, నాన్‌కన్ఫర్మిస్ట్ హిందువులు అనే పేర్లు సూచించారు. 1932 మే నెలలో లోథియన్ కమిటీకిచ్చిన నోట్‌లో మళ్లీ అదే ఎత్తారు. డిప్రెస్డ్ అన్న పేరు కించపరిచేదిగా ఉందనీ, మంచి పేరు దొరికేదాకా బయటి కులాలు అనో వెలివేయబడిన కులాలు అనో రాయాలనీ కోరారు. 1931 జనాభా లెక్కల కమిషనర్ హట్టన్ కూడా ‘బయటి కులాలు’ అనే మాటే వాడాడు.

ఈ పేర్ల వరుస చూస్తే అంబేద్కర్ ఆలోచన తెలుస్తుంది. ప్రొటెస్టెంట్ అంటే ఎదురు తిరిగినవాడు. నాన్‌కన్ఫర్మిస్ట్ అంటే ఒప్పుకోనివాడు. వెలివేయబడిన అంటే వెలివేసినవాడు ఊళ్లోనే ఉన్నాడని. ఒక్కటి కూడా జాలి పేరు కాదు.

సర్కారు వీటిలో ఏదీ తీసుకోలేదు. 1935 చట్టంలో ‘షెడ్యూల్డ్ కులాలు’ అని రాసింది. షెడ్యూల్ అంటే పట్టిక. పట్టికలో పేరున్నవాళ్లు అని అంతే. పోలిక చూడండి: సరిగ్గా అదే కాలంలో ఇంగ్లండులో పనులు పోయిన బొగ్గుగనుల ప్రాంతాల్ని డిప్రెస్డ్ ప్రాంతాలు అనేవాళ్లు. 1934లో చట్టం చేసేటప్పుడు ఆ మాట తీసేసి ‘ప్రత్యేక ప్రాంతాలు’ అని రాశారు. అక్కడ ప్రత్యేకం, ఇక్కడ పట్టిక. రెండుచోట్లా నొప్పి తెలిపే మాట పోయి గుమాస్తా మాట వచ్చింది.

కానీ పాతమాట పూర్తిగా పోలేదు. షెడ్యూల్డ్ కులాలంటే ఎవరు అన్నదానికి 1935 చట్టం చెప్పిన నిర్వచనం ఏమిటి? పూర్వం డిప్రెస్డ్ క్లాసెస్‌గా పిలవబడినవాళ్లకు సరిపోలే కులాలు అని! కొత్త పేరు పాత పేరు భుజం మీదే నిలబడింది. 1936 ఉత్తర్వుతో పట్టిక వచ్చింది. ఆ ఉత్తర్వులోనే ఇండియన్ క్రైస్తవుడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడని రాశారు. 1950 ఉత్తర్వు దాన్ని హిందువులకే అని బిగించింది. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ తలుపు తెరిచారు. మన పల్లెల్లో ఏసును నమ్మిన మాలమాదిగలు మాత్రం బి.సి.–సి కాగితం పట్టుకుని బయటే నిలబడ్డారు. చర్చికి పోయినా ఊళ్లో పిలుపు మారలేదు, ఆఫీసులో పట్టిక మారింది.

మనం గర్వంగా పెట్టుకున్న పేరుకు పట్టిక ఏం చేసిందో కూడా చూడాలి. అందర్నీ కలపడానికి 1917లో పుట్టిన ఆది ఆంధ్ర, షెడ్యూల్డ్ కులాల పట్టికలో ఒక కులం పేరుగా ఎక్కింది. 2000లో చేసిన వర్గీకరణ చట్టంలో అది డి గ్రూపులో ఒక్క శాతానికి కుదించుకుపోయింది. ఉద్యమం పేరు అంకె అయింది.

6. తెలుగులో ఏమన్నాం?

‘డిప్రెస్డ్ క్లాసెస్’ను మన పత్రికలు ‘నిమ్న జాతులు’ అని రాశాయి. నిమ్నం అంటే పల్లం. నీళ్లు పల్లానికి పోతాయి, దానికెవరూ కారకులు కారు. ఇంగ్లీషులో కాస్తో కూస్తో మిగిలిన కర్త ఈ అనువాదంలో పూర్తిగా మాయమయ్యాడు. పైగా ‘క్లాస్’ పోయి ‘జాతి’ వచ్చింది. పుట్టుకతోనే పల్లంలో ఉన్నవాళ్లం అయ్యాం.

తర్వాత ‘అణగారిన వర్గాలు’ వచ్చింది. ఇవాళ సభల్లో మనమే ఎక్కువగా వాడుతున్నాం. అణగు, అణగారు అనేవి అకర్మక క్రియలు. నిప్పు తనంతట తాను అణగారుతుంది. అణచు అనేది సకర్మక క్రియ. దానికి అణచేవాడు కావాలి. ‘అణగారిన’కూ ‘అణచబడిన’కూ మధ్య ఉన్నది ఒక్క అక్షరం తేడా కాదు, ఒక మొత్తం సామాజిక వ్యవస్థ తేడా. మాట్లాడేటప్పుడు ‘బడిన’ అనడం నోటికి బరువే, నిజమే. అయితే ‘అణచివేతకు గురైన’ అనొచ్చు, సూటిగా ‘అణచిన కులాలు, అణచబడిన కులాలు’ అని రెండూ చెప్పొచ్చు.

‘దళిత’ సంగతి వేరు. ఇది కూడా ఒక దశలో ‘డిప్రెస్డ్’కు అనువాదంగానే నడిచింది. 1920ల్లో ఆర్యసమాజంవాళ్లు ‘దళితోద్ధారణ’ అన్నారు. మరి అదే మాట 1972లో బొంబాయిలో దళిత పాంథర్ల చేతిలో పడేసరికి ఎందుకు మారిపోయింది? పలికిన నోరు మారింది కనుక. తెలుగులో ఆ మాటకు ప్రాణం పోసింది నిఘంటువు కాదు. 1985 జూలై 17న కారంచేడు, ఆ తర్వాత చీరాల శిబిరం, దళిత మహాసభ. 1991 ఆగస్టు 6న చుండూరు. ఆ నెత్తురు తర్వాత దళిత అంటే జాలిపడాల్సినవాడు కాదు, లెక్క అడిగేవాడు. 1994లో దండోరా ఇంకో అడుగు వేసి, తిట్టుగా వాడిన ‘మాదిగ’ను ఇంటిపేరులా పేరు చివర తగిలించింది. శ్రీనివాసన్ 1893లో చేసిన పని అదే. దళిత అనే మాటలో అందరూ సమానంగా లేరని కూడా దండోరా చెప్పింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచింది, 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ మూడు గ్రూపులు చేశాయి. పెద్ద మాట ఏదైనా తన లోపలి తేడాల్ని కప్పిపెడుతుందన్నది ఆ ముప్పయ్యేళ్ల పోరాటం నేర్పిన పాఠం.

7. తిరిగొచ్చిన మాట

చట్టంలోంచి 1935లో పోయిన ‘డిప్రెస్డ్’ ఇవాళ మన మధ్యకు ఇంకో దారిన తిరిగొచ్చింది. యూనివర్సిటీ హాస్టళ్లలో మన పిల్లలు ప్రాణాలు తీసుకుంటే మొదట వినిపించే మాట – డిప్రెషన్‌లో ఉన్నాడు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాక నియమించిన ఏకసభ్య కమిషన్ కూడా కారణాలు వ్యక్తిగతమైనవే అని తేల్చింది. సస్పెన్షన్, ఆగిన ఫెలోషిప్, వెలివాడ అని పేరుపెట్టుకుని ఆరుబయట పడుకున్న రాత్రులు – ఇవేవీ వ్యక్తిగతం కాదు. ఉన్నత విద్యాసంస్థల్లో కులవివక్ష ఎట్లా పనిచేస్తుందో ఎయిమ్స్ మీద థోరట్ కమిటీ 2007లోనే రాసిచ్చింది.

మానసిక జబ్బు లేదని మేం అనడం లేదు. అది నిజమైన జబ్బే, వైద్యం అవసరం, సిగ్గుపడాల్సింది లేదు. మందు కావాల్సినవాడికి మందు ఇప్పించాల్సిందే. మా ప్రశ్న వ్యాకరణానిది. తెలుగులో దీన్ని కుంగుబాటు అంటున్నారు. కుంగడం మళ్లీ అకర్మకమే. కుంగదీయడం సకర్మకం. నూరేళ్ల కిందట మొత్తం జనాన్ని డిప్రెస్డ్ అని, వాళ్ల ఒంట్లో లోపం వెతికారు. ఇప్పుడు ఒక్కొక్కణ్ణి డిప్రెస్డ్ అని, వాడి మనసులో లోపం వెతుకుతున్నారు. రెండుసార్లూ తప్పించుకున్నవాడు ఒక్కడే.

కాబట్టి చెయ్యాల్సిన పని కొంత ఉంది. ఉపాధ్యాయులు చరిత్ర పాఠంలో ‘అణగారిన వర్గాలు’ అని వచ్చినచోట ఎవరు అణచారని పిల్లల చేత అడిగించాలి. విద్యార్థులు తమ ఊరి పేటకు పంచమపేట, హరిజనవాడ, ఎస్సీ కాలనీ, అంబేద్కర్ నగర్ అని ఏ పేరు ఎప్పుడు వచ్చిందో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టాలి. ఆ పెద్దవాళ్లు పోతే ఆ చరిత్ర ఏ ఆఫీసులోనూ దొరకదు. కార్యకర్తలు కరపత్రం రాసేటప్పుడు, నిజనిర్ధారణ నివేదిక రాసేటప్పుడు ప్రతి వాక్యంలో కర్త ఉన్నాడో లేదో చూసుకోవాలి. ‘దాడి జరిగింది’ కాదు, ‘దాడి చేశారు’. ‘భూమి పోయింది’ కాదు, ‘భూమి లాక్కున్నారు’. 1932లో అంకెలు మాయం చేసినవాళ్లకు అంబేద్కర్ ఈ వ్యాకరణంతోనే జవాబు చెప్పారు.